కొండ తెలిసిన ఆవు

మా వంటింటి కిటికీలోంచి చూస్తే కొండ మొత్తం కనిపిస్తుంది. గిన్నెలు కడుగుతూ ఆ కొండను చూడటం మొదలుపెట్టి యాభై ఎనిమిదేళ్ళయింది. పెళ్ళయి బర్రెన్ అనే ఈ రాతికొండల సీమకి వచ్చిన కొత్తలో, ఈ బూడిదరంగు బండల మీద గొడ్డు ఏం తిని బతుకుతుందా అని లోలోపల నవ్వుకున్నాను. మా పుట్టింటివాళ్ళది ఏటి పక్కన మెత్తటి నేల. లోకంలో అందరూ పశువుల్ని ఎండాకాలం కొండెక్కించి, చలి రాగానే దించుకుంటారు. ఇక్కడివాళ్ళు నవంబరు ఒకటో తేదీన ఎక్కించి, మే నెలలో దించుతారు. మా అత్తగారు నన్నొకసారి అక్టోబరు సాయంత్రం పైకి తీసుకెళ్ళి, బండ మీద చెయ్యి పెట్టి చూడమంది. పొద్దు వాలినా బండ గోరువెచ్చగా ఉంది.

"ఎండాకాలమంతా ఎండ తాగిందమ్మా ఇది. చలికాలంలో కొంచెం కొంచెం బయటపెడుతుంది. పైన తడి నిలవదు, ఆవు పొడి నేల మీద పడుకుంటుంది. గడ్డి నెర్రెల్లో దాక్కుని ఉంటుంది. కొండ తెలిసిన ఆవుకి కరువు లేదు" అంది.

ఆ చివరి మాట నాకప్పుడు ఎక్కలేదు. అత్తగారి మందలో ముసలి ఆవు ఒకటెప్పుడూ ఉండేది. దానికి దూడ ఉండదు, పాలుండవు, పళ్ళు కూడా అంతంతమాత్రం. అయినా దాన్ని అమ్మేది కాదు. కొండకి అడ్డంగా రాళ్ళు పేర్చిన గోడలో గండి తీస్తే ముందు అది కదిలేది, తక్కినవన్నీ దాని వెనక. నేననుకున్నాను, మా అత్తగారికి ముసలివాళ్ళంటే జాలి కాబోలని.

తరవాత హెనెబరీగారు వచ్చారు. ప్రభుత్వం తరఫున రైతులకి కొత్త పద్ధతులు నేర్పడానికి వచ్చే మనిషిని ఆ రోజుల్లో ఇన్‌స్ట్రక్టర్ అనేవాళ్ళం. పేరుకి తగ్గట్టే ఆయన నేర్పేవాడు, మేం నేర్చుకునేవాళ్ళం. నల్లటి చిన్న కారు, టై, తోలుసంచి. ఆ కారు వాకిట్లో ఆగితే సైనన్ చొక్కా మార్చుకునేవాడు. సైనన్ అంటే మా ఆయన. పశువుల డాక్టరొచ్చినా మార్చేవాడు కాదు, ఫాదర్ వచ్చినా మార్చేవాడు కాదు, ఇన్‌స్ట్రక్టరొస్తే మాత్రం మార్చేవాడు.

హెనెబరీగారు చెడ్డవాడని నేనెప్పుడూ అనను. దూడల కాలేయంలో పురుగు పట్టి చచ్చిపోతుంటే మందు తెచ్చి, పోయడం ఎలాగో చూపించి, మూడు వారాలకి మళ్ళీ వచ్చి అడిగి వెళ్ళిన మనిషి ఆయన. నా కోళ్ళకి కాల్షియం సరిపోవటం లేదని చెప్పిందీ ఆయనే. అలాంటి మనిషి చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? ఆయన పుట్టి పెరిగింది మాత్రం తూర్పు వైపు మంచి నేలల్లో. అక్కడ కొండలు లేవు.

"రాళ్ళ మీద ఆవుల్ని మేపటం మీ తాతల నాటి పద్ధతి సైనన్. కొట్టం కట్టు. గోతిలో మాగబెట్టిన పాతర గడ్డి వెయ్యి. చలికాలమంతా నీ కళ్ళెదుటే ఉంటాయి. ఈనని ఆవు ఊరికే తింటుంది, ముందు దాన్ని వదిలించుకో" అన్నాడు.

మేం కొట్టం కట్టాం. ముసలి ఆవుల్ని అమ్మేశాం. అప్పటికి అత్తగారు పోయారు కాబట్టి వద్దనేవాళ్ళెవరూ లేరు.

డెబ్బై మూడు ఏప్రిల్లో హెనెబరీగారు కొత్త కొట్టం చూపించడానికి నలభై మంది రైతుల్ని మా వాకిట్లోకి పిలిచారు. హామ్ శాండ్‌విచ్‌లు చేసింది నేనే. ఆయన చెప్పిందంతా అయ్యాక, పక్క కొండవాడు మర్టీ లినాన్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతను నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

"మీరు చెప్పేది బానే ఉంది గానీ సార్, ముసలాటిని అమ్మేస్తే చిన్నవాటికి కొండ ఎవరు చూపిస్తారు?" అన్నాడు.

అందుకు మా సైనన్, అప్పుడే ఇన్‌స్ట్రక్టర్ భుజం తట్టిన ఉషారులో ఉన్నాడేమో, "అవునవును, మర్టీ ముసలావు బడి పెట్టింది! పలకా బలపం కూడా ఇస్తుందంట!" అన్నాడు.

నలభై మందీ నవ్వారు. హెనెబరీగారు కూడా నవ్వారు. పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి నేనూ నవ్వాను. మర్టీ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమే సైనన్ మా రెండు పొలాల మధ్య గోడలో ఉన్న కింది గండిని పెద్ద రాళ్ళతో మూసేశాడు. ఆ రోజు నుంచి చర్చిలో ఎదురుపడితే తల ఊపుకోవడమే, మాటల్లేవు. సైనన్ శవపేటికని మోసిన ఆరుగురిలో మర్టీ ఒకడు. అప్పుడు కూడా మోశాడు, దింపాడు, తల ఊపి వెళ్ళిపోయాడు.

కొండ ఖాళీ అయ్యాక హేజెల్ పొదలు లేచాయి. మొదట మోకాలెత్తు, తరవాత మనిషెత్తు. పైన మాకొక ఊట ఉంది, దాని దారి కూడా పొదల్లో మునిగిపోయింది. పైన గోడ దానంతటదే ఒకచోట కూలింది. ఆ సందులోంచి మర్టీ ఆవులు మా ఊటలో నీళ్ళు తాగి వెళుతుండేవి. సైనన్‌కి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం చూడనట్టే ఉండేవాళ్ళం.

ఇప్పుడు పొలం మా అమ్మాయి నూలా చూస్తుంది. యాభై ఒకటి. పొద్దున స్కూలు బస్సు నడుపుతుంది, తక్కిన వేళంతా ఆవులు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి ఆవుల్ని చూపించి, "ఇరవై మందితో కాపురం చేస్తున్నా, ఇంకొకడెందుకు?" అనేది. అడిగేవాళ్ళు మానేశారు.

రెండేళ్ళ కింద తుఫానుకి కొట్టం పైకప్పు సగం ఎగిరి రోడ్డవతల పడింది. అక్కడ మొదలైంది కథ. కప్పు వెయ్యాలంటే కొండ అమ్మాలి. కొండ మీద ఆవులు నిలిస్తే కొట్టంతో పనే లేదు. నూలా పట్టుదలగా ఆ నవంబరులో ఇరవై ఆవుల్నీ పైకి తోలింది. పదకొండు రోజులు. పన్నెండో రోజు పొద్దున నేను కిటికీ తెరిస్తే అన్నీ కొట్టం గేటు ముందు నిలబడి అరుస్తున్నాయి. మూడుచోట్ల గోడ పడగొట్టాయి. ఒకటి నెర్రెలో కాలు ఇరుక్కుని విరగ్గొట్టుకుంది. దాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ చలికాలమంతా నూలా సగం కప్పు కింద టార్పాలిన్ కట్టి, రాత్రనక పగలనక తంటాలు పడింది.

"ఇంకొక్కసారి చూస్తానమ్మా. వచ్చే నవంబరు. అప్పుడూ నిలబడకపోతే కొండ అమ్మేస్తా. కొనేవాడు వచ్చి చూసి కూడా వెళ్ళాడు" అంది.

అమ్మొద్దని అనే హక్కు నాకు లేదు. నడుం నొప్పి దానిది, నాది కాదు. కానీ ఆ కిటికీలోంచి వేరేవాళ్ళ కొండని చూస్తూ గిన్నెలు కడగాలంటే నా చేతులు ఆడవని నాకు తెలుసు.

జూన్‌లో ఈఫా వచ్చింది. ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్ అనరు, సలహాదారు అంటారు. ముప్పై ఏళ్ళుంటాయేమో, మోకాళ్ళ దాకా బురద, ఒక చేతిలో కాగితాల అట్ట. ఈ కొత్త పథకంలో కొండ ఎంత బాగుందో చూసి పదికి మార్కులు వేస్తారట. దాన్ని బట్టి రైతుకి సాయం. రోజంతా మా కొండ తిరిగి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఎన్ని వేశావ్?" అంది నూలా.

"మూడు."

"పక్కాయనకి?"

ఈఫా టీలోకి చూసింది. "అది చెప్పకూడదండీ."

"తొమ్మిదేగా. మొన్న దుకాణంలో పిల్లికి కూడా చెప్పాడు."

ఈఫా నవ్వింది. ఆ నవ్వుతోనే నాకు నచ్చింది. తరవాత హెనెబరీగారు ఎప్పుడూ చెయ్యని పని చేసింది. పెన్ను తెరిచి, నూలా వైపు కాదు, నా వైపు తిరిగింది.

"అమ్మమ్మగారూ, మీ కాలంలో ఆవులు పైన ఎలా నిలబడేవి? ఎవరు నేర్పేవాళ్ళు?"

నన్నెవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో! సోడా రొట్టె కొయ్యటం ఆపి కూర్చున్నాను.

"మేమేం నేర్పలేదమ్మాయ్. ముసలావు నేర్పేది. తూరుపు గాలికి ఎక్కడ పడుకోవాలి, పడమటి వానకి ఎక్కడ, మంచు కురిస్తే నీళ్ళు ఎక్కడ గడ్డకట్టవు, అన్నీ దానికి తెలుసు. చిన్నవి దాని వెంట తిరిగి నేర్చుకునేవి. అవి ముసలివయ్యాక మళ్ళీ చిన్నవాటికి. మేం ఆ ముసలాటినే ముందు అమ్ముకున్నాం."

"ఎందుకమ్మమ్మా?"

"నీలాగే ఒకాయన చెబితే."

నూలా "అమ్మా!" అని కసిరింది. ఈఫా మాత్రం రాసుకుంటూనే, "ఆయన రాసిపెట్టిన కాగితాలు మా ఆఫీసులో ఇప్పటికీ ఉన్నాయి. చేతిరాత ఎంత బాగుంటుందో! కానీ ఎక్కడా ఒక్క ప్రశ్న ఉండదు" అంది. తరవాత, "మరి ఈ కొండ తెలిసిన ముసలి ఆవు ఇప్పుడెవరి దగ్గరుంది?" అని అడిగింది.

మా ఊట దాకా వచ్చి వెళ్ళే ఆవు ఒక్క మర్టీ దగ్గరే ఉంది. డ్రిమిన్ దాని పేరు. నల్లావు, వీపు పొడుగునా తెల్ల చార. పదిహేడేళ్ళుంటాయి.

"అడుక్కోవటమా? ఆయన దగ్గరా?" అంది నూలా.

"నేనడుగుతాను. పొలానికీ పొలానికీ మధ్య తిరగడమే కదండీ ఇప్పుడు నా ఉద్యోగం" అంది ఈఫా.

వారం తరవాత మర్టీ జవాబు పట్టుకొచ్చింది. ఆవుని ఒక్క చలికాలానికి బదులిస్తాడట. అయితే డీలియా స్వయంగా వచ్చి అడగాలట. డీలియా అంటే నేనే.

ఈఫా కారులోనే వెళ్ళాను. నడిచినా పది నిమిషాలే, కానీ ఆ పది నిమిషాల్లో మనసు మారుతుందని భయం. మర్టీ ఎనభై ఆరేళ్ళవాడు, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"నలభై రెండేళ్ళు పట్టిందే డీలియా, రోడ్డు దాటడానికి! మోకాళ్ళ నెప్పులా?"

"తల బరువు మర్టీ. నీకు తెలీని జబ్బేం కాదుగా."

లోపల కూర్చోబెట్టి టీ పోశాడు. నాకు తాగబుద్ధి కాలేదు. ముందు అనాల్సింది అనేశాను.

"ఆ రోజు సైనన్ నిన్ను నలుగురిలో ఎగతాళి చేశాడు. అది తప్పు. ఆయన పోయేలోపు చెప్పాలనుకున్నాడో లేదో నాకు తెలీదు. నా సంగతి నాకు తెలుసు. నేనూ నవ్వాను."

"చూశాను. పళ్ళెం కూడా ఊగింది." మర్టీ పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. "సైనన్ మాటకి కాదే నాకు బాధ. ఆ సార్ నేనడిగినదానికి జవాబు చెప్పలేదు. నవ్వాడు గానీ చెప్పలేదు. నిజంగానే అడిగానే నేను." తరవాత ఈఫా వైపు తల తిప్పాడు. "ఈ పిల్ల రెండు గంటలు కూర్చుంది. నేను చెప్పిందంతా రాసుకుంది. నడుమ ఒక్కసారి కూడా 'అలా కాదు' అనలేదు. రోగమేమో అని భయమేసింది."

ఈఫా ఎర్రబడిపోయింది. తరవాత అసలు చిక్కు చెప్పింది. ఆవుని బదులివ్వడానికి చట్టంలో వీల్లేదట. కాగితం మీద మాకు అమ్మినట్టు రాయాలి, డాక్టరు పరీక్ష చెయ్యాలి, కంప్యూటర్లో మంద మార్చాలి, మేలో మళ్ళీ ఇదంతా వెనక్కి.

"మధ్యలో ఉన్నది ఒక గోడ!" అన్నాడు మర్టీ.

"గోడ సంగతి కంప్యూటర్‌కి తెలీదు తాతగారూ. కాగితాలన్నీ నేను చూసుకుంటా."

"అమ్మనంటే అమ్మను. రాసుకుంటే రాసుకోండి." సంతకం పెట్టి, పెన్ను మూత పెడుతూ నాతో అన్నాడు. "నూలాకి చెప్పు. వెనకనించి తోలొద్దు. కర్ర వద్దు, కుక్క వద్దు. గండి తీసి పక్కకి తప్పుకోండి. అది గాలి చూసుకుని, దానికి తోచినప్పుడు కదులుతుంది."

నేను లేస్తుంటే, "నీ శాండ్‌విచ్‌లు మాత్రం బావుంటాయే. ఆ రోజు వెళ్ళేప్పుడు రెండు జేబులో వేసుకునే వెళ్ళాను" అన్నాడు.

నవంబరు ఒకటిన నూలా కొండ మొదట్లో ఉన్న గోడలో గండి తీసింది. డ్రిమిన్ నిలబడి గాలి వాసన చూస్తూ ముప్పావు గంట గడిపింది. నూలా చేతులు నలుపుకుంటూ, "ఇది నిద్రపోయిందమ్మా" అంది. అప్పుడు కదిలింది. తక్కిన పంతొమ్మిదీ ఒకదాన్నొకటి తోసుకుంటూ దాని వెనక వెళ్ళాయి. పొదల్లో మాకు దారి లేదనుకున్న చోట డ్రిమిన్‌కి దారుంది.

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే కిటికీలో ఆవుల్ని లెక్కపెట్టడం నా పని. పన్నెండో రోజు రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవైయీ పైనే ఉన్నాయి. డిసెంబరు దాటింది. క్రిస్మస్ నాడు కూడా ప్రార్థనకన్నా ముందు లెక్కే అయింది.

జనవరి మూడో వారంలో తూరుపు గాలి తిరిగింది. మంచు కురిసి బండలన్నీ గాజుపెంకుల్లా అయ్యాయి. తెల్లవారి కిటికీలో చూస్తే కొండ మీద ఒక్క ఆవు కూడా లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేదు. కొట్టం గేటు దగ్గరా లేవు.

నూలా కూడా వచ్చి చూసింది. బూట్లు తొడుక్కుంది, తాడు భుజాన వేసుకుంది. తలుపు దగ్గర ఆగి, "ఒకటి జారి నెర్రెలో పడినా చాలమ్మా, కొనేవాడికి ఫోన్ చేస్తా. ఇక నావల్ల కాదు" అని వెళ్ళిపోయింది. చిన్నగా, చుక్కంతగా అయ్యేదాకా దాన్నే చూస్తూ ఉన్నాను. తరవాత అదీ పొదల్లో కలిసిపోయింది.

ఫోన్ మోగింది.

"కిటికీలో నిలబడ్డావా?" మర్టీ గొంతు.

"ఆవులు లేవు మర్టీ."

"నాకూ కనబడటం లేదు. గాలి ఎటుంది?"

"తూరుపు."

"మరింకేం? పెద్ద బండకి అవతల పల్లంలో ఉంటాయి, గిన్నెలా ఉంటుందే, అక్కడ. మీ అత్త ఆవులూ అక్కడే పడుకునేవి. కిటికీకి కనబడదది. టీ పెట్టుకో."

"నూలా ఒక్కతే వెళ్ళింది."

"అయితే ఇద్దరికి పెట్టు. నేను ఫోన్ పెట్టనులే, వచ్చేదాకా ఉంటా."

ఇద్దరం మాట్లాడుకున్నది తక్కువే. ఆయన ఊపిరి నాకు వినిపిస్తూ ఉంది, నా కెటిల్ ఆయనకి వినిపిస్తూ ఉండాలి. గంటంబావుకి నూలా వచ్చింది. ముఖం ఎర్రగా గడ్డకట్టుకుపోయింది, తాడు చుట్ట విప్పకుండా అలాగే భుజాన ఉంది.

"పడుకుని నెమరేస్తున్నాయమ్మా! పల్లంలో. గాలి దూరే సందు కూడా లేదక్కడ. కింద నేల పొడిగా ఉంది, చెయ్యి పెట్టి చూశాను. ఆ ముసల్ది ఒక్కటే అంచు మీద నిలబడి నన్ను చూసింది, నువ్వెందుకొచ్చావన్నట్టు."

ఫోన్‌లో మర్టీ, "విన్నాలే" అని పెట్టేశాడు.

ఏప్రిల్లో ఈఫా మళ్ళీ మార్కుల కాగితంతో వచ్చింది. ఆవులు తిరిగిన చోటల్లా పొదలు విరిగి, గడ్డి మధ్య నీలం పూలు తలెత్తాయి. ఐదు వేసింది. "ఐదేనా?" అంది నూలా. "నలభై ఏళ్ళ పొదలండీ, ఒక్క చలికాలంలో ఇంతకన్నా ఏం తింటాయి?" అంది ఈఫా. నూలా ఆ సాయంత్రమే కొండ కొంటానన్న మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

తరవాతి శనివారం ఈఫా చుట్టుపక్కల రైతుల్ని మా కొండ మీదికి పిలిచింది. ముప్పై మంది వచ్చారు. ఆమె నిలబడి రెండు ముక్కలు చెప్పి, "నాకు తెలిసింది ఇంతే. తక్కింది మర్టీ తాతగారిని అడగండి" అని గడ్డిలో కూర్చుంది. మర్టీ కర్ర మీద ఆనుకుని, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నన్నెందుకడగటం? అదుగో పంతులమ్మ" అని డ్రిమిన్ వైపు కర్ర చూపించాడు. "పలకా బలపం కూడా అడక్కుండా చెబుతోంది."

అందరూ నవ్వారు. అందరికన్నా పెద్దగా నవ్వింది మర్టీయే. తరవాత గంటసేపు ఆగకుండా మాట్లాడాడు. ఏ గాలికి ఏ పల్లం, ఏ నెలలో ఏ ఊట. రైతులు అడుగుతూనే ఉన్నారు, ఈఫా రాసుకుంటూనే ఉంది. దిగేటప్పుడు నేను కాగితంలో చుట్టిన హామ్ శాండ్‌విచ్‌లు రెండు మర్టీ కోటు జేబులో పెట్టాను. ఆయన కనిపెట్టనట్టే నడిచాడు.

మే మొదటి వారంలో ఆవులు దిగాయి. కాగితాలన్నీ మళ్ళీ వెనక్కి తిరిగాక, మర్టీ ఇంటికి పంపబోతే డ్రిమిన్ రోడ్డు వైపు వెళ్ళలేదు. కింది గోడ దగ్గరికి వెళ్ళి, సైనన్ మూసిన గండి ముందు నిలబడింది. ఎవరు చెప్పారో దానికి! అది పుట్టకముందే మూసిన గండి. బహుశా గోడలో ఆ రాళ్ళు మాత్రం వేరే రకంగా పేర్చి ఉండటం కనిపించిందేమో. నూలా ఒక్కొక్క రాయీ తీసి పక్కన పెట్టింది. నేను కుర్చీ వేయించుకుని చూస్తూ కూర్చున్నాను. డ్రిమిన్ దాటి, అవతల నిలబడి ఉన్న మర్టీ పక్కనుంచి, ఆయన్ని పలకరించకుండానే వెళ్ళిపోయింది.

నూలా మళ్ళీ కట్టడానికని ఒక రాయి ఎత్తింది. ఎత్తి, అటూ ఇటూ చూసి, కింద పెట్టేసింది.

"నవంబరులో మళ్ళీ తియ్యాలి కదమ్మా. రెండుసార్లు నడుం వంచడమెందుకు?" అంది.

మా మందలో అన్నిటికన్నా పెద్దావు ఆ ఏడు ఈనలేదు. దాన్ని నూలా అమ్మలేదు.